క్లౌడు వాస్తుశిల్పి: ఒక వృత్తి పుట్టుపూర్వోత్తరములు

నేడు తెలుగునాట మధ్యతరగతి గృహములలో తరచుగా వినవచ్చుచున్న ఉద్యోగనామములలో ‘క్లౌడ్ సొల్యూషన్స్ ఆర్కిటెక్టు’ అనునది యొకటి. ఇంజనీరింగు ముగించి నాలుగేండ్లు పనిచేసిన కుమారుడో కుమార్తెయో “నేనిక ఆర్కిటెక్టు కాదలచితిని” అనినచో, ఇంటి పెద్దలకు మొదట స్ఫురించునది ఇండ్లకు నమూనాలు గీయు పని. ఆ మాటకు ముందు ‘క్లౌడు’, అనగా మేఘము, చేరియుండుటచే ఆ యూహయు నిలువదు. మేఘమునకు వాస్తుశిల్పి యేమి? అతడు కట్టునది యేది? అందుకై శిక్షణాలయమున వేలకొలది రూపాయలు పోయుట తగునా, తగదా? ఈ ప్రశ్నలు సహజములు. వీనికి ప్రకటనపత్రములలో సమాధానము దొరకదు. చరిత్రలో దొరకును.

పేరు క్రొత్తదే గాని, ఆ పేరు వెనుకనున్న పని అరువదేండ్లకు పైబడినది. ఆ పని యెట్లు పుట్టెనో, ఏయే దెబ్బలు తిని యెట్లు పెరిగెనో తెలిసికొన్నచో, ఈ వృత్తియందు నిలుచుటకు ఏది కావలయునో, ఏది చాలదో తేటపడును.

1950వ దశకమున కంప్యూటరు అనగా ఒక పెద్దగదిని నింపు యంత్రము. దాని వెల లక్షల డాలర్లు. లెక్క చేయించుకొనదలచినవాడు దానిని రంధ్రములు పొడిచిన అట్టముక్కలపై సిద్ధపరచి, కట్టగట్టి, యంత్రశాలలోని ఉద్యోగికి అప్పగించి వచ్చెడివాడు. ఫలితము కొన్ని గంటలకో, మరునాటికో చేతికందెడిది. ఎచ్చటనైన ఒక్క గురుతు తప్పిపోయినచో మరల మొదటికి రావలసినదే. క్షణమునకు వేల లెక్కలు చేయు యంత్రము ముంగిట మనుష్యుడు దినములకొలది వేచియుండుట ఆనాటి విపరీతము.

1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ తన శతవార్షికోత్సవమును జరుపుకొనెను. ఆ సందర్భమున ప్రసంగించుచు జాన్ మెకార్తీ అను శాస్త్రజ్ఞుడు ఒక భవిష్యద్వాణి పలికెను. టెలిఫోను ఎట్లు ప్రజలందరికి ఉపయోగపడు సేవగా నేర్పడినదో, కంప్యూటరు శక్తియు నొకనాటికి అట్టి సేవయే కావచ్చుననియు, చందాదారుడు తాను వాడుకొన్న మేరకే మూల్యము చెల్లించుననియు ఆయన చెప్పెను. ఇంటింటికి టెలిఫోను లేని కాలమున పలికిన మాట యది.

అదే సంవత్సరము నవంబరు మాసమున, అదే సంస్థలో, ఫెర్నాండో కోర్బాటో నాయకత్వమున ‘కాల విభజన’ పద్ధతి ప్రదర్శింపబడెను. మన గ్రామములలో చెరువు నీరు వంతుల ప్రకారము పారుట అందరెరిగినదే. ఒకని మడి తడిసినంతనే కాలువ మరియొకని మడికి మళ్ళును. కోర్బాటో బృందము యంత్రము యొక్క కాలమును ఆ విధముగనే పంచినది. అయితే ఇచ్చట వంతు దినము కాదు, పూట కాదు, క్షణములో అతిస్వల్పభాగము. కావున ఎదుట కూర్చున్న ప్రతివానికిని యంత్రమంతయు తనదే యన్నట్లు తోచెను. పలువురు ఒకే యంత్రమును పంచుకొనునపుడు ఒకని కాగితములు మరియొకడు చూడకుండుట అవసరము గదా. కంప్యూటరునకు పాస్‌వర్డు పెట్టు అలవాటు తొలుత కనిపించిన చోట్లలో ఈ పద్ధతి యొకటి. పంచుకొనుట, కాపాడుట అను రెండు ధర్మములును ఈ వృత్తికి పుట్టుకతోనే అబ్బినవి.

ఈ విజయముచే ఉత్సాహము పొంది, ఆ విద్యాసంస్థయు, బెల్ ప్రయోగశాలయు, జనరల్ ఎలక్ట్రిక్ సంస్థయు కలసి 1960వ దశకము నడుమ ‘మల్టిక్స్’ అను మహాప్రయత్నమునకు పూనుకొనినవి. విద్యుత్తువలె, టెలిఫోనువలె రేయింబవళ్ళు నిలువక నడచు గణనసేవ వారి ధ్యేయము. పని అనుకొన్నదానికంటె జటిలమయ్యెను. 1969లో బెల్ ప్రయోగశాల తప్పుకొనెను. కాని ఆ శ్రమ వ్యర్థము కాలేదు. తప్పుకొన్నవారిలోని కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు చిన్నదిగా, తేటగా నుండునట్లు ‘యూనిక్స్’ను నిర్మించిరి. దాని పోకడలనే అనుసరించి 1991లో లినస్ టోర్వాల్డ్స్ ‘లినక్స్’కు శ్రీకారము చుట్టెను. నేటి క్లౌడు యంత్రములలో విస్తారముగా నడచుచున్నది ఈ లినక్సే. 1969లో ఓటమియని తలపబడినది తరువాతి తరమునకు పునాది యైనది.

ఇక ‘వాస్తుశిల్పి’ అను మాట సంగతి. కంప్యూటరు లోకమున ఈ మాటకు గౌరవస్థానము కల్పించినవారిలో ఫ్రెడరిక్ బ్రూక్స్ ముఖ్యుడు. ఐ.బి.ఎం. సంస్థయందు పనిచేయుచు 1962లో ఆయన వ్రాసిన అధ్యాయమొకటి కలదు. ఇంటి వాస్తుశిల్పి ఇంటివారి అవసరములను తెలిసికొని, చేతిలోని ధనమునకును, దొరకు సామగ్రికిని లోబడి, ఆ అవసరములను తీర్చు నమూనాను ఏర్పరచును. కంప్యూటరు వాస్తుశిల్పము కూడ అట్టిదే యని ఆయన ప్రతిపాదన. 1964 ఏప్రిల్ 7వ తేదీన ఆ సంస్థ ప్రకటించిన ‘సిస్టమ్ 360’ ఈ భావమునకు నిదర్శనము. అది ఒక్క యంత్రము కాదు, ఒక కుటుంబము. చిన్న యంత్రము కొన్నవాడు వ్యాపారము పెరిగినపుడు పెద్దయంత్రమునకు మారినను, తన ప్రోగ్రాములను తిరిగి వ్రాయనక్కరలేదు. వాడుకరికి కనబడు రూపము వేరు, లోపలి కట్టడము వేరు అను వివేకమే దీనికి కారణము. ఈ వివేకమే వాస్తుశిల్పిని మేస్త్రీ నుండి వేరుచేయునది.

అదే సంస్థకు కేంబ్రిడ్జి పట్టణమున నున్న ప్రయోగశాలలో రాబర్ట్ క్రీసీ బృందము మరియొక అడుగు వేసినది. ఒకే యంత్రమును, వేర్వేరు యంత్రములు పెక్కున్నవా యను భ్రాంతి కలుగునట్లు విభజించుట వారి పని. 1972లో ఈ విద్య సంస్థ అమ్మకపు సరుకుగా బజారునకు వచ్చినది. మిథ్యాయంత్రము అనదగిన ఈ కల్పన లేనిదే నేటి క్లౌడు లేదు.

ఇంతవరకు కథ ఒకే దారిన నడచినది. 1970, 1980వ దశకములలో అది మలుపు తిరిగెను. యంత్రములు చిన్నవై, చౌకయై, బల్లమీదికి చేరినవి. ఎవరి యంత్రము వారికి దొరకుచుండగా పంచుకొనవలసిన యక్కర యేమి? పంచుకొను విద్య కొంతకాలము మరుగున పడినది. ప్రతి సంస్థయు తన కార్యాలయమున చల్లదనపు గదియొకటి కట్టించి, అందు సొంత సర్వర్లను నిలుపుకొనెను.

తెలుగుదేశమునకు ఈ చరిత్రతో గల సంబంధము ఈ కాలముననే దృఢపడినది. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు గ్రామమున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున 1967లో హైదరాబాదునందు ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపితమయ్యెను. 1969లో ఆ సంస్థ టి.డి.సి. 12 అను కంప్యూటరును వెలువరించెను. మూడు దశాబ్దముల పిమ్మట, 1998లో, మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమయ్యెను. ఆ యేడే మైక్రోసాఫ్ట్ సంస్థ హైదరాబాదున తన అభివృద్ధి కేంద్రమును నెలకొల్పెను. 2000 సంవత్సరము వచ్చుచుండగా పాతప్రోగ్రాములలోని తేదీలను సరిదిద్దు పని అమెరికాలో వెల్లువవలె రాగా, తెలుగు యువకులు వేలకొలది సముద్రములు దాటిరి. అమీర్‌పేటలోని శిక్షణాలయముల వీథులు ఆనాటినుండి దేశప్రసిద్ధములు. మెయిన్‌ఫ్రేమునకు గిరాకి యున్నపుడు మెయిన్‌ఫ్రేము, జావాకు గిరాకి యున్నపుడు జావా, నేడు క్లౌడు: అచ్చటి గోడలపై బల్లలు మారుచునే యున్నవి.

సొంత సర్వరు పద్ధతిలో పెద్ద చిక్కొకటి యుండెను. సంవత్సరములో ఒక్క దినము వచ్చు రద్దీకి సరిపడునన్ని యంత్రములు కొని, తక్కిన దినములలో వానిని ఊరక నిలుపవలెను. అట్లు కొననిచో రద్దీ దినమున సేవ కుప్పకూలును. అవసరమైనపుడు క్రొత్తయంత్రము తెప్పించుటకు వారములు, నెలలు పట్టెడివి. పెట్టుబడి లేని క్రొత్తవానికి తలుపులు మూసినట్లే.

ఆ తలుపులను తెరచినది పుస్తకముల వ్యాపారముతో మొదలైన అమెజాన్ సంస్థ యగుట చరిత్రలోని చిత్రము. తన లోపలి అవసరములకై యంత్రములను క్రమపరచుకొన్న అనుభవమును ఇతరులకు అద్దెకిచ్చుటకు ఆ సంస్థ నిశ్చయించెను. 2006 మార్చి 14వ తేదీన సమాచారమును దాచుకొను సేవ వెలువడెను, దానిపేరు ఎస్3. ఒక గిగాబైటును ఒక మాసము దాచుటకు 15 సెంట్లు. ఆగస్టు మాసమున మిథ్యాయంత్రములను గంట లెక్కన అద్దెకిచ్చు ఇసి2 సేవ వచ్చెను. చిన్నయంత్రమునకు గంటకు 10 సెంట్లు. ఈ రెండవ సేవను రూపొందించినది క్రిస్ పింక్‌హామ్ నాయకత్వమున దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమున పనిచేసిన చిన్నబృందము. మెకార్తీ భవిష్యద్వాణి ఫలించుటకు నలువదియైదేండ్లు పట్టినది.

2008లో గూగుల్ సంస్థ, 2010లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఇట్టి సేవలతో అంగడికి దిగినవి. ఇంజనీర్లు పటములు గీయునప్పుడు, లోపలి వివరములు చూపనక్కరలేని దూరపు వలయమును మేఘము బొమ్మతో సూచించుట పూర్వాచారము. ఆ బొమ్మయే ఈ సేవలకు పేరయ్యెను. పేరు గాలిలోనిదైనను, లోపలనున్నవి కాంక్రీటు భవనములు, ఇనుప బీరువాలు, విద్యుత్తు తీగలు, చల్లార్చు యంత్రములు. ముంబయిలో 2016లోను, హైదరాబాదున 2022 నవంబరులోను అమెజాన్ సంస్థ అట్టి ప్రాంతీయ కేంద్రములను తెరచినది. హైదరాబాదు కేంద్రము ఒక్క భవనము కాదు. ఒకదానికి కీడు సోకినను తక్కినవి నడచునట్లు మూడు వేర్వేరు విభాగములుగా దానిని ఏర్పరచిరి.

2011 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వ ప్రమాణముల సంస్థ క్లౌడునకు నిర్వచనమును ప్రకటించెను. కావలసినపుడు తానే తీసికొనగలుగుట, ఎక్కడనుండియైన వలయముద్వారా అందుట, ఉమ్మడి నిలువనుండి పంచబడుట, త్వరగా పెరిగి త్వరగా తగ్గుట, వాడుక కొలవబడుట అను ఐదు లక్షణములు అందు చెప్పబడినవి. ఈ ఐదింటిలో మొదటి నాలుగును సౌకర్యములు. ఐదవది మీటరు. మీటరున్న చోట తెలివిగా వాడుకొనువాడు కావలయును. వాస్తుశిల్పికి ఇచ్చట చోటు దొరకినది.

అతని పనిని ఉదాహరణముతో చూతము. పదవ తరగతి పరీక్షాఫలితములను ప్రకటించు ఏర్పాటు చేయవలసియున్నదనుకొందము. ఏడాది పొడుగున దానివంక చూచువారుండరు. ఫలితములు వెలువడిన గంటలో లక్షలమంది ఒక్కసారిగా వచ్చి పడుదురు. సామాన్యుడైనచో “పెద్దయంత్రమును తీసికొందము” అనును. వాస్తుశిల్పి మొదట ప్రశ్నలు వేయును. ఒక్కసారి వెలువడిన మార్కులు ఆ గంటలో మారునా? మారవు. అట్లయినచో ప్రతి విద్యార్థి పుటను ముందుగనే సిద్ధపరచి దాచినచో, వచ్చినవారికెల్ల దానిని అందించుటయే మిగులును. ప్రతిసారియు డేటాబేసును కదిలింపనక్కరలేదు. వచ్చువారిని పెండ్లిపందిట పంక్తులకు పంపు పెద్దమనిషివలె పలు సర్వర్లకు సమముగా పంచు ఏర్పాటు కావలయును. రద్దీ పెరిగినపుడు సర్వర్లు తమంతట పెరిగి, సాయంకాలమునకు తగ్గవలయును. ఒక భవనమున విద్యుత్తు పోయినను రెండవచోట పని సాగవలయును. ఒకని మార్కులను మరియొకడు మార్చలేకుండవలయును. ఇవియన్నియు కేటాయించిన సొమ్ములో ఇమడవలయును. ఈ కోరికలు ఒకదానితో నొకటి పొసగవు. దేనికెంత విలువ ఈయవలయునో నిర్ణయించి, ఎందులకట్లు నిర్ణయించెనో కాగితముపై వ్రాసి, డబ్బు పెట్టువానికిని యంత్రము నడుపువానికిని నచ్చచెప్పుట ఈ వృత్తి యొక్క సారము.

చట్టమును గూడ అతడు తెలిసికొనవలయును. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు చెల్లింపుల సమాచారమును భారతదేశముననే నిలువచేయవలెనని ఆదేశించెను. అంతకుపూర్వము సింగపూరులో దాచినను అడుగువాడు లేడు. ఆ పిమ్మట నమూనాలే మారినవి. సాంకేతికముగా సరియైనది చట్టరీత్యా చెల్లకపోవచ్చును.

ఇక ఈ వృత్తిని తీర్చిదిద్దిన దెబ్బలు. విజయములకంటె ఇవియే ఎక్కువ పాఠములు నేర్పినవి.

2008 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్ సంస్థ డేటాబేసు చెడిపోయెను. అప్పటి దాని వ్యాపారము చలనచిత్రముల బిళ్ళలను తపాలాలో పంపుట. మూడు దినములు పంపజాలకపోయెను. ఒక్క స్తంభముపై ఇల్లంతయు నిలిపిన ఫలితమని గ్రహించి, ఆ సంస్థ క్లౌడునకు మారుటకు సంకల్పించెను. ఆ మార్పు పూర్తియైనది 2016 జనవరిలో. ఉన్నదానిని ఉన్నట్లు మోసికొనిపోవుటయే యైనచో ఇన్ని యేండ్లు పట్టెడివి కావు. పాతదోషము క్రొత్తయింటికి రాకుండ, కట్టడమునంతయు చిన్నచిన్న భాగములుగా తిరిగి నిర్మించిరి. అంతటితో నాగక, తమ సర్వర్లను తామే పనివేళలలో అకస్మాత్తుగా నిలిపివేయు ప్రోగ్రామునొకదానిని విడిచిరి. దానికి కోతి పేరు పెట్టుట తగియున్నది. తోటలో కోతిపడినను నిలుచు చెట్లే చెట్లు.

2017 ఫిబ్రవరి 28వ తేదీన అమెరికాలోని వర్జీనియా కేంద్రమున ఎస్3 సేవ సుమారు నాలుగు గంటలు స్తంభించెను. కొన్ని సర్వర్లను తొలగింపబోయి, ఆజ్ఞలో జరిగిన పొరపాటుచే అనేక సర్వర్లను తొలగించుట కారణము. సేవల యోగక్షేమములను లోకమునకు తెలుపు పలకకూడ ఆ సేవపైననే ఆధారపడియుండుటచే, దానిని సకాలమున మార్చలేకపోయిరి. మంటలార్పు బండిని మండుచున్న ఇంటిలోపల నిలిపిన చందము. తరువాత ఆ సంస్థ కారణమును దాచక ప్రకటించి, ఒక్క ఆజ్ఞతో అన్ని సర్వర్లు పోకుండ కట్టుబాటు చేసెను. తప్పుచేసిన మనిషిని దూషించుటతో సరిపెట్టక, తప్పు జరుగుటకు వీలులేని ఏర్పాటు చేయుట ఉత్తమ పద్ధతియని ఇది చాటును.

2019లో అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకునుండి ఆ దేశమున సుమారు పదికోట్లమంది, కెనడాలో సుమారు అరువదిలక్షలమంది వివరములు దొంగిలింపబడినవి. రక్షణపు గోడను సరిగా అమర్చకపోవుట అందులకు దారి తీసినది. భవనమునకు తాళము వేయుట అద్దెకిచ్చినవాని బాధ్యత; తన గది కిటికీ మూసికొనుట అద్దెకున్నవాని బాధ్యత. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గున ఒక క్లౌడు సంస్థ భవనము అగ్నికి ఆహుతి యయ్యెను. తమ పత్రముల నకళ్ళను వేరొక ఊరిలో ఉంచుకొన్నవారు బయటపడిరి. అసలును నకలును ఒకేచోట నుంచినవారిలో పలువురు రెండింటిని పోగొట్టుకొనిరి. మేఘము కూడ కాలునని లోకము ఆనాడు చూచినది.

ఇన్ని పాఠముల సారమును ఆధారముగా గొని, వృత్తికి శాస్త్రరూపము నిచ్చు ప్రయత్నములు జరిగినవి. 2013లో అమెజాన్ సంస్థ ఈ వాస్తుశిల్పులకు అర్హతపరీక్షను ప్రారంభించెను. 2015లో మంచి నిర్మాణమునకు ఉండవలసిన లక్షణములను గ్రంథస్థము చేసెను. నిర్వహణము, రక్షణ, నమ్మకము, వేగము, పొదుపు అనువానికి తోడు 2021లో పర్యావరణ హితమును చేర్చుటతో అవి ఆరైనవి. ఇతర సంస్థలకును ఇట్టి పరీక్షలున్నవి.

తెలుగు గృహములకు సంబంధించిన అసలు విషయమునకు ఇప్పుడు వచ్చితిమి. ఆ పరీక్ష యెట్టిది? అది పనికిమాలినది కాదు. చెదరియున్న విషయములను ఒక క్రమమున చదివించును. పరిచయము లేని అధికారి తలుపు తట్టుటకు సాయపడును. కాని అది వాకిలి, ఇల్లు కాదు. పరీక్షలో ప్రశ్న ముందుగ తయారై యుండును, నాలుగు సమాధానములు ఎదుటనే యుండును. ఉద్యోగములో ప్రశ్న ఏమిటో కనుగొనుటయే సగము పని. పాత ప్రశ్నలను వల్లించి పత్రము సంపాదించినవాడు, అర్ధరాత్రి సేవ నిలిచిపోయినపుడు ఎచ్చట చేయిపెట్టవలెనో తెలియక నిలుచును. అంతకంటె విషాదము, అనుభవము లేకున్నను ఉన్నదని వ్రాసి ఉద్యోగములో ప్రవేశించుట. అట్టివాని దినములు భయముతో గడచును. ఆ భయమునందు విద్య అబ్బదు. ఇంటివారు అప్పుచేసి కట్టిన రుసుము కంటె ఇది పెద్దనష్టము.

చరిత్ర చూపుచున్న దారి నిదానమైనది, కాని గట్టిది. 1960వ దశకమునుండి నేటివరకు అంగడిపేర్లు ఎన్నో మారినను మారనివి కొన్ని కలవు. యంత్రమును పలువురకు పంచు ఆపరేటింగ్ సిస్టము, వార్తను మోయు నెట్‌వర్కు, సమాచారమును నిలుపు డేటాబేసు, మనిషిని గుర్తించు రక్షణవిధానము: ఈ నాలుగింటిని ఎరిగినవాడు ఏ సంస్థ సేవనైనను కొలదికాలములో నేర్వగలడు. ఇవి ఎరుగనివాడు సేవ పేరు మారిననాడు మరల అమీర్‌పేట దారి పట్టవలసినదే. మొదట రెండు మూడేండ్లు ప్రోగ్రాములు వ్రాయుటయో, యంత్రములను కాపాడుటయో చేసి, విరిగినదానిని చేతులార బాగుచేసిన పిమ్మట, నమూనా గీయుటకు అధికారము కలుగును. నడుమ సొంతముగ చిన్నకట్టడములు కట్టి, వానిని తానే పడగొట్టి చూచుట మేలు. అట్లు చేయునపుడు ఖర్చు పరిమితి దాటినచో హెచ్చరిక వచ్చు ఏర్పాటును మొట్టమొదట చేసికొనవలెను. మరచి వదలిన యంత్రమునకును మీటరు తిరుగును.

మరియొక గుణము పుస్తకములలో చదివినంత మాత్రమున రాదు. అది వినుట, తెలియచెప్పుట. హైదరాబాదున పుట్టి బేగంపేటలోని పబ్లిక్ స్కూలులో చదివిన సత్య నాదెళ్ళగారు 1992లో మైక్రోసాఫ్ట్‌లో ప్రవేశించిరి. 2011లో సర్వర్ల విభాగమునకు అధిపతియై, క్లౌడు వ్యాపారమును పెంపొందించి, 2014 ఫిబ్రవరిలో ఆ సంస్థకే ముఖ్యాధికారి యైరి. ప్రవేశమునకును ఆ పదవికిని నడుమ ఇరువదిరెండేండ్లున్నవి. మన యువకులు పదవిని చూచుచున్నారు. ఆ నడిమి యేండ్లను కూడ చూడవలెను.

కాకతీయుల నాటి పాకాల, రామప్ప చెరువులు ఎనిమిదివందల యేండ్లు నిలిచియున్నవి. కట్ట గట్టిదగుట ఒక్కటే అందులకు కారణము కాదు. వాన అధికమైననాడు నీరు ఎటు పోవలెనో ఆ శిల్పులు ముందుగ తలచి, అలుగును ఏర్పరచిరి. అలుగు లేని చెరువు మంచి వాననాడే తెగును. క్లౌడు వాస్తుశిల్పి చేయు పనియు నిదియే. బాగుగ నడచు దినమున అతడున్నట్లు ఎవరికిని తెలియదు. పిల్లవాడు పరీక్షాఫలితములను చూచుకొనును, వృద్ధురాలు పింఛను సొమ్ము జమయైనదో లేదో తెలిసికొనును, ఎవ్వరును అతని పేరు తలపరు. రేపు తమ యింట ఈ వృత్తిని ఎన్నుకొనదలచిన బిడ్డ యున్నచో, ఎంత జీతము వచ్చునని అడుగుటకు ముందు, “నీవు కట్టినది చెడినపుడు ఏమగునో ఆలోచించితివా?” అని పెద్దలు అడుగవలెను. ఆ ప్రశ్నకు తడబడక సమాధానము వెదకు ఓపిక బిడ్డకున్నచో, శిక్షణకు వెచ్చించిన ధనము వృథా కాదు.